కుంచె పెట్టిన తెల్లమట్టి

తిరుపతి ఆఖరుసారి చేసిన పని టీ గ్లాసు కడగడం. తంగళ్ళపల్లిలో వాళ్ల ఇంటి వెనక నల్లా దగ్గర కూర్చుని, ఒక్క గ్లాసును మూడుసార్లు కడిగి, మూడోసారి వెలుతురుకు ఎత్తి చూసి, పాత పేపరు మీద బోర్లించాడు. గుడ్డతో తుడవనిచ్చేవాడు కాదు. గుడ్డ పోగు గాజుకు అంటుకుంటుందని భయం. ఊరంతా గుడ్డ పోగుల మీదే బతుకుతుంటే ఇతనికి ఇదొక భయం.

"ఇంట్ల గూడ ల్యాబేనా?" అన్నది మంజుల. మంజుల నా చెల్లెలు, అతని భార్య. పద్దెనిమిదేళ్లుగా రోజూ అంటున్న మాటే.

"గ్లాసు యాడున్నా గ్లాసేనే," అన్నాడు. ఛాతీలో కొంచెం పట్టినట్టుందని మంచం మీద వాలాడు. ఆటో వచ్చేసరికి అయిపోయింది. యాభై రెండేళ్లు.

పదకొండో రోజున, జగిత్యాలలో అతను పనిచేసిన ల్యాబు యజమాని రంజిత్ వాట్సాప్‌లో ఒక ఫోటో పెట్టాడు. తెల్లకోటు తొడుక్కున్న తిరుపతి, కింద "మా మాజీ చీఫ్ సైంటిస్ట్‌కు కన్నీటి నివాళి" అన్న అక్షరాలు, పక్కన రంజిత్ సొంత ఫోటో. రంజిత్ ఫోటోనే కొంచెం పెద్దది. ఆ ల్యాబులో ఉన్నది ఒకటే తెల్లకోటు. తనిఖీకి ఎవరైనా వస్తే, ముందు చేతికి దొరికినవాడు దాన్ని తొడుక్కునేవాడు. ఫోటోలో కాలరు పక్కన చాయ్ మరక కూడా కనిపిస్తూనే ఉంది. ఇక చీఫ్ సైంటిస్టు అన్న మాట. ఉద్యోగం ఊడబీకిన రోజున అదే నోటి నుంచి తిరుపతికి దక్కిన బిరుదు 'నౌకరుగాడు'.

ఆ ఫోటో చూసి మా బంధువుల్లో ఇద్దరు ముగ్గురు, "ఎంత పెద్దోడాయెనే మన తిరుపతి" అని కళ్లు తుడుచుకున్నారు. బతికున్నప్పుడు వీళ్లే అతన్ని 'మట్టి సారు' అనేవాళ్లు. నేను కూడా అన్నాను.

అతని తండ్రి రాజమౌళి సిరిసిల్లలో మగ్గం నేసినవాడు. మరమగ్గాలు రాకముందు పడుగు తయారు చేయడంలో ఆయనకు పేరుండేది. నూలుకు గంజి పట్టించి, సందు పొడవునా చాచి, ఆరేలోపల పెద్ద కుంచెతో దువ్వాలి. దువ్వితేనే పోగు పోగుకూ గంజి సమంగా పట్టి, నూగు అణిగి, దారం నున్నగా అవుతుంది. తిరుపతి డిగ్రీలో చేరేదాకా తండ్రికి ఎదురుగా నిలబడి కుంచె లాగాడు. ఆ తర్వాత బీఎస్సీ. బీఎస్సీ తర్వాత కోరుట్లలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ల్యాబ్ అటెండరు.

ఆ కాలేజీ గురించి రెండు మాటలు చాలు. కెమిస్ట్రీ ల్యాబుకు తాళం ఉండేది. తాళంచెవి ప్రిన్సిపాల్ దగ్గర ఉండేది. ప్రిన్సిపాల్ హైదరాబాదులో ఉండేవాడు. పిల్లలు చేయని ప్రయోగాలకు రికార్డులు రాసేవారు, లెక్చరర్లు చూడని రికార్డులకు మార్కులు వేసేవారు, పైనుంచి వచ్చినవాళ్లు కూల్‌డ్రింకు తాగి సంతకం పెట్టి పోయేవారు. అన్నేళ్లలో ఆ భవనంలో రసాయనశాస్త్రం అంటే నిజంగా ఇష్టమున్న ఒకే ఒక్కడు గ్లాసులు కడిగే తిరుపతి. నేను అదే ఊళ్లో బడిపంతులుగా తెలుగు చెప్పేవాణ్ణి కనుక పరిచయమయ్యాడు, చెల్లెలినిచ్చి పెళ్లి చేశాం. కాలేజీ మూతపడి ఫంక్షన్‌హాలు అయింది. ఆ భవనానికి తగిన పని అదే. తిరుపతి జగిత్యాల చేరాడు.

రంజిత్‌ది ఎరువుల దుకాణం. పసుపు, నూనెలు, నీళ్లు పరీక్ష చేసి కాగితం ఇస్తే గిరాకీ ఉంటుందని ఎవరో చెబితే మార్కెట్ యార్డు దగ్గర ల్యాబు తెరిచాడు. ఎక్కడో మూతపడ్డ ఫ్యాక్టరీ నుంచి ఒక పాత యంత్రాన్ని తుక్కు కింద తెచ్చి, దానికి దండ వేసి, పక్కన నిలబడి ఫోటో దిగాడు. దాన్ని నడపడం అతనికి చచ్చేదాకా రాదు. గ్యాస్ క్రొమటోగ్రాఫ్ అని నోరు తిరిగేది కాదు, 'గ్యాస్ మిషన్' అనేవాడు. వంటగ్యాసు రిపేరు అనుకుని ఒకామె స్టవ్ పట్టుకొని వచ్చింది కూడా.

ఆ యంత్రం పని చెప్పడం కష్టం కాదు. స్టీలు గొట్టాన్ని చుట్టలు చుట్టి ఒక పెట్టెలో వేడి చేస్తారు. గొట్టం నిండా తెల్లటి మట్టిపొడి. ఒక్కో రేణువు మీద మైనంలాంటి ద్రవం పలచగా పట్టించి ఉంటుంది. ఒక చివర పరీక్షించాల్సిన దాని చుక్క వేస్తే అది ఆవిరై, గ్యాసు తోస్తుంటే గొట్టంలో ముందుకు నడుస్తుంది. అందులో కలిసి ఉన్న పదార్థాలు ఆ మైనం దగ్గర ఒక్కొక్కటి ఒక్కొక్కసేపు ఆగి, వేరువేరుగా బయటికొస్తాయి. వచ్చినప్పుడల్లా కాగితం మీద గీత లేచి గుట్టలా దిగుతుంది. ఫలానా నిమిషానికి గుట్ట లేచిందంటే ఫలానా పదార్థం ఉన్నట్టు. అంతే.

ఇందులో మట్టి చేయాల్సిన పని ఏమీ లేదు. మైనాన్ని మోయడమే. కానీ ఆ మట్టి ఊరుకోదు. ఎన్ని లక్షల ఏళ్ల కిందటో నీళ్లలో బతికిన నాచు పెంకులు అట్లా పొడి అయ్యాయట. దాని ఒంటి నిండా సన్నటి బొరియలు. పోయేవాటిని పట్టుకుంటుంది. నీళ్లను పట్టుకుంటుంది, సారాను పట్టుకుంటుంది, పట్టుకున్నదాన్ని ఆలస్యంగా వదులుతుంది. అప్పుడు గుట్టకు తోక వస్తుంది. అందుకని ఆ మట్టిని ముందు మార్చాలి. ఆమ్లంతో కడగాలి, ఆమ్లం పోయేదాకా నీళ్లతో కడగాలి, ఆరబెట్టాలి, సైలేన్ అనే ఘాటైన ద్రవం పట్టించి దాని పట్టుకునే గుణం చంపాలి, మళ్లీ కడగాలి, అప్పుడు మైనం ఎక్కించాలి. ఇవాళారేపు పెద్ద ల్యాబుల్లో ఈ మట్టి గొడవే లేదు, వెంట్రుకంత సన్నటి గాజు గొట్టాలు వచ్చాయి. రంజిత్ తుక్కులో కొన్నదానికి మాత్రం మట్టే గతి. తయారుచేసిన మట్టి హైదరాబాదు నుంచి తెప్పించమంటే, "మట్టికి గూడ బిల్లేందివయ్యా?" అన్నాడు. ఆ రోజు నుంచి తిరుపతే మట్టి తయారుచేసుకున్నాడు.

కోరుట్లకు వచ్చినప్పుడల్లా ఇదే చెప్పేవాడు. ఆమ్లానికి వేళ్ల కొసలు పసుపుపచ్చగా అయి ఉండేవి.

"గా మట్టితోటి ఏం జేస్తవయ్యా రోజంతా?" అని అడిగాను ఒకసారి.

"ఏం జెయ్యకుంట జేస్త బావా," అన్నాడు.

"అంటే?"

"మట్టి ఏం జెయ్యకుంట ఉండాలె. గట్ల ఉండేటట్టు జేస్త. గదే నా పని."

"గవర్నమెంటు బళ్లె కూడ మేం గదే జేస్తం. పోరగాండ్లు ఏం జెయ్యకుంట ఉండేటట్టు జూస్తం. మాకు పింఛనొస్తది," అన్నాను. మంజుల పడి పడి నవ్వింది. తిరుపతి కూడా నవ్వి, మళ్లీ మట్టి దగ్గరికే వచ్చాడు.

సంగతికొస్తాను. నాలుగేళ్ల కింద, ఎండాకాలం మొదట్లో, బుగ్గారం గీతకార్మికుల సంఘం నుంచి ముగ్గురు ల్యాబుకు వచ్చారు. సంఘం పెద్ద లస్మయ్య, ఇంకొక సభ్యుడు, దేవయ్య అనే గీతకార్మికుడు. దేవయ్య కల్లు తాగినవాళ్లు మత్తుగా పడిపోతున్నారని, అతను క్లోరల్ అనే మత్తుమందు కలుపుతున్నాడని సంఘంలో ఎవడో మాట ఎత్తాడు. ఆ మాట ఎత్తినవాడిది పక్క కల్లు దుకాణం. పరీక్ష చేయించి, మందు ఉందని తేలితే దేవయ్య చెట్లు బంద్ అని తీర్మానించుకున్నారు. పదకొండు తాడిచెట్లు. తాడిగెలను రోజూ గీయాలి. గీయడం ఆపితే కొస ఎండిపోతుంది, ఆ ఏడాదికి ఆ చెట్టు పోయినట్టే. దేవయ్యకు వేరే పని లేదు, భూమి లేదు.

దేవయ్య తన సీసాను తానే పట్టుకొచ్చాడు. బల్ల మీద పెట్టి, "సారూ, నేను నీళ్లు గూడ కలుపను. జర మీ మిషన్‌కు చెప్పు," అన్నాడు.

"మిషన్‌కు చెప్పేదుండదే. అది జూసిందే చెప్తది," అన్నాడు తిరుపతి. ఆ మాట అన్నానని తర్వాత ఎన్నిసార్లు తలకొట్టుకున్నాడో.

అప్పటిదాకా ఉన్న గొట్టం పసుపునూనె కోసం నింపింది. కల్లులో ఉండేది దాదాపు అంతా నీళ్లు, కొంత సారా. దానికి వేరే మైనం, వేరే గొట్టం కావాలి. రంజిత్ రిపోర్టు ఎల్లుండికి ఇస్తానని ఒప్పుకున్నాడు, ఎందుకంటే పని ఎంతసేపు పడుతుందో తెలియనివాడే గడువు పెడతాడు. తిరుపతి మట్టిని కడిగి, సైలేన్ పట్టించి, అంతా పద్ధతిగానే చేశాడు. మైనం కరిగించిన ద్రావకంలో మట్టిని నానబెట్టి ఆరబోశాడు. ద్రావకం దానంతట అది మెల్లగా పోవాలి. మట్టిని కదపకూడదు, కలపకూడదు. ఆ పెంకులు అంత పెళుసు. ఇది అతనికి తెలియనిది కాదు. కానీ టైం లేదు, పొడి ఉండలు కడుతోంది. అప్పుడు అతని చేయి ఒకదాని మీదికి పోయింది. బల్ల ఊడ్చడానికి ఉంచుకున్న బ్రష్షు. అది రాజమౌళి పడుగు కుంచెలోంచి విరిగిన ముక్క. తండ్రి పోయాక సిరిసిల్ల నుంచి తెచ్చుకున్నాడు.

ఆ ల్యాబులో యంత్రం నడిపే సాయికుమార్ అనే కుర్రాడు ఫార్మసీ చదివినవాడు. అతను పక్కనే ఉన్నాడు. తర్వాత నాకు చెప్పింది అతనే.

"సార్, కదపద్దంటరు గదా. బుక్కుల గూడ ఉన్నది," అన్నాడట.

"బుక్కు రాసినోడు ఎన్నడన్న పడుగు దువ్విండా?" అన్నాడట తిరుపతి. "దువ్వకపోతే గంజి ఒకదగ్గర ముద్దయితది, ఒకదగ్గర పట్టనే పట్టది. నీకెర్కలేదు, గమ్మున చూడు."

గంటసేపు దువ్వాడట. తండ్రి లాగినట్టే, ఒకే వైపుకు, మెత్తగా. పొడి ఉండలు విడిపోయి నున్నగా జారింది. "సూడు, పట్టులెక్క అయింది," అని చూపించాడట. జీవితంలో అన్ని పనులూ భయపడుతూ చేసినవాడు, ఈ ఒక్క పని గర్వపడుతూ చేశాడు.

నూలు దువ్వితే చదును అవుతుంది. పెంకు దువ్వితే విరుగుతుంది. విరిగినచోట కొత్త ముఖం బయటపడుతుంది, దానికి సైలేనూ లేదు, మైనమూ లేదు. ఒట్టి మట్టి. పాత గుణం అట్లాగే ఉంది. ఆ పొడిని గొట్టంలో నింపారు. గొట్టాన్ని ఖాళీగా నడిపి చూస్తే గీత తిన్నగా వచ్చింది. క్లోరల్ గుట్ట ఎన్నో నిమిషానికి లేస్తుందో తెలుసుకోవడానికి, తెలిసిన క్లోరల్ ద్రావణాన్ని మూడుసార్లు ఎక్కించారు. ఆ తర్వాత దేవయ్య కల్లు. సరిగ్గా అదే నిమిషానికి గుట్ట లేచింది. తోకతో సహా.

రిపోర్టు తయారైంది. రంజిత్ చదవకుండా సంతకం పెట్టి, సీలు మాత్రం రెండుసార్లు కొట్టాడు. మొదటిది సరిగ్గా పడలేదని.

రిపోర్టు పోయిన మూడోరోజు నేను పింఛను పని మీద జగిత్యాల వెళ్లి, మధ్యాహ్నం మంజుల పంపిన టిఫిన్ ఇవ్వడానికి ల్యాబుకు పోయాను. అప్పటికి వాళ్లు జగిత్యాలలోనే అద్దెకుండేవారు. తిరుపతి యంత్రం ముందు నిలబడి ఉన్నాడు. గొట్టం కడగడానికని ఒట్టి నీళ్లు ఎక్కించాడట, మంచినీళ్ల సీసాలోవి. కాగితం మీద క్లోరల్ నిమిషానికి గుట్ట లేచింది. మళ్లీ ఎక్కించాడు. మళ్లీ లేచింది, కొంచెం చిన్నగా. మూడోసారి ఇంకా చిన్నగా.

 సాయికుమార్ గోడకు ఆనుకుని నేలచూపులు చూస్తున్నాడు.

"ఏమైందయ్యా?" అన్నాను.

"మనం పెట్టిన మందే బావా," అన్నాడు. "ముందుగాల మేమే క్లోరల్ ఎక్కిస్తిమి గదా. విరిగిన మట్టి దాన్ని పట్టుకొని కూసున్నది. తర్వాత నీళ్లున్నది ఏది పోయినా దాన్ని బయటికి నూకుతున్నది. దేవయ్య కల్లు నూకింది. గీ మంచినీళ్లు గూడ నూకుతున్నయి."

"అంటే దేవయ్య..."

"దేవయ్య ఏం కలుపలే. నేను కలిపిన." కుంచె ముక్కను చేతిలోకి తీసుకుని, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు అటూ ఇటూ చూశాడు.

అప్పుడే రంజిత్ లోపలికొచ్చాడు. తిరుపతి తడబడుతూ, "సార్, మంచినీళ్లల్ల గూడ క్లోరల్ అస్తున్నది," అన్నాడు.

"అయితే మంచినీళ్లు తాగకు," అన్నాడు రంజిత్. ఫోన్ చూసుకుంటూనే.

తిరుపతి అంతా చెప్పాడు. మట్టి, కుంచె, తోక, అంతా. రంజిత్‌కు అందులో ఒక్కటి అర్థమైంది: రిపోర్టు మార్చమంటున్నాడు. "సీలు పడ్డది, పోయింది. మల్ల ఏంది?" అన్నాడు. తిరుపతి మొదటిసారి అతని మాట వినలేదు. కొత్త మట్టి తీసుకుని మళ్లీ మొదటినుంచి చేశాడు. ఈసారి చేయి పెట్టలేదు. రెండు రోజులు దాని ముందు కుర్చీ వేసుకుని కూర్చుని ఆరనిచ్చాడట. ఫ్రిజ్‌లో మిగిలిన దేవయ్య కల్లును ఎక్కించాడు. సారా గుట్ట ఒకటి, దాని పక్కన చిన్నాచితకా, క్లోరల్ చోట గీత తిన్నగా పోయింది. తర్వాత క్లోరల్ ఎక్కించి, వెంటనే నీళ్లు ఎక్కించాడు. నీళ్లకు కూడా గీత తిన్నగానే పోయింది.

ఈ కాగితాలు పట్టుకుని రంజిత్ దగ్గరికి పోయినప్పుడు కూడా నేను అక్కడే ఉన్నాను. అతనే నన్ను పిలిపించాడు, పెద్దమనిషి ఒకడుంటే మాట చెల్లుతుందని. నా పెద్దరికం విలువ ఆ రోజు తెలిసింది. రంజిత్ నాకు కుర్చీ కూడా చూపించలేదు.

"ఇయ్యాల కల్లోనికి మార్చిస్తే రేపు పసుపోళ్లొస్తరు, ఎల్లుండి నూనోళ్లొస్తరు. దుకాణం బంద్ వెట్టుకోవాల్నా? మట్టి విరిగిందని ఎవనికి తెలుసు?"

"మంచినీళ్లకు తెల్సు సార్," అన్నాడు తిరుపతి. అతను హాస్యానికి అనలేదు. సాయికుమార్‌కు నవ్వాగలేదు. ఆ నవ్వే కొంప ముంచింది.

"నౌకరుగానివి నౌకరు లెక్క ఉండు! నడువ్ బయటికి. నీ మట్టి గూడ పట్కపో."

పోతూ పోతూ తిరుపతి యంత్రం గ్యాసు కట్టేసి, పెట్టె చల్లారిందో లేదో చేత్తో తాకి చూశాడు. గెంటేసినవాడి ఆస్తి కాలిపోకుండా చూసి మరీ బయటికొచ్చాడు. నాకు ఒళ్లు మండిపోయింది. "కాలిపోతే కాలిపోనియ్యి," అన్నాను. "మిషన్ ఏం జేసింది బావా," అన్నాడు.

జగిత్యాల బస్టాండులో బల్ల మీద కూర్చుని, నా సంచిలో ఉన్న నోటుపుస్తకంలోంచి ఒక కాగితం చింపించుకుని బుగ్గారం సంఘానికి ఉత్తరం మొదలుపెట్టాడు. మొదటి వాక్యం: "తప్పు నాది."

"నాది అని ఎందుకు రాస్తున్నవు? ల్యాబుది అని రాయి. లేకపోతే పొరపాటు జరిగినది అని రాయి. ఎవరిదీ గాకుంట అయితది," అన్నాను. ముప్పై ఏళ్లు తెలుగు చెప్పినవాణ్ణి, వాక్యం చాటున మనిషిని దాచడం నాకు బాగా వచ్చు.

"కుంచె పట్టింది నేను గదా," అన్నాడు.

"సీలు లేని కాగితం ఎవడు జూస్తడు? చిత్తుకాగితం."

"జూస్తే జూస్తరు." రాస్తూనే ఉన్నాడు. బుగ్గారం బస్సు వచ్చింది. సగం రాసిన కాగితంతో ఎక్కి, కిటికీ దగ్గర మోకాలి మీద పెట్టుకుని మిగతాది రాసుకుంటూ పోయాడు.

సాయంత్రానికి తిరిగొచ్చాడు. దేవయ్య ఊళ్లో లేడట, చెట్లు బంద్ అయ్యాక కూలికి ఎటో పోయాడట. లస్మయ్య కాగితం తీసుకుని, చదివించుకుని, "పెద్దమనుషులం కూసుంటం సారూ. ఏ సంగతైంది ఫోన్ జేస్తం," అన్నాడట.

ఫోన్ రాలేదు.

మొదటివారం తిరుపతి స్నానానికి పోయినా ఫోన్ తలుపు బయట గట్టు మీద పెట్టుకుని పోయాడు. తెలియని నంబరు ఏది మోగినా రెండో మోతకల్లా ఎత్తేవాడు. క్రెడిట్ కార్డు కావాలా అని ఒక ఆడపిల్ల, ప్లాట్లు ఉన్నాయని ఒక మగవాడు. ప్రతివాడికీ "మీరు బుగ్గారంకెల్లా మాట్లాడుతున్నరా?" అని అడిగి, కాదంటే "అచ్ఛా" అని పెట్టేసేవాడు. నెల గడిచేసరికి జగిత్యాలలో అద్దె ఇల్లు ఖాళీచేసి తంగళ్ళపల్లికి వచ్చేశారు. అక్కడ మరమగ్గాల నూలుకు గంజి పట్టించే సైజింగ్ యూనిట్‌లో గంజి వండే పనికి కుదిరాడు. బీఎస్సీ చదివి, ఊళ్లు తిరిగి, తండ్రి గంజి దగ్గరికే వచ్చాడని సిరిసిల్లలో చుట్టాలు తెగ సంతోషపడ్డారు. ఇంకొకడి బతుకు తమ బతుకు కన్న ఎత్తుగా లేదని తేలితే మనవాళ్లకు అన్నం సయిస్తుంది.

"ఒక్కసారి పోయి అడుగరాదు?" అన్నాను, ఆ వానాకాలంలో. "ఒక్కపూట తొవ్వ. దేవయ్య చెట్లు ఇచ్చిండ్రా లేదా, తెలిసిపోతది గదా."

"ఇచ్చి ఉంటే ఫోన్ జేద్దురు బావా. చెయ్యలేదంటే ఇయ్యలేదన్నట్టే."

"అయినా పోయి అడుగు."

"తప్పు జేసినోడే మల్ల పోయి, నా కాగితం పనికొచ్చిందా అని అడుగుతడా? ఆయన ముంగట నిలవడి ఏమని అడుగాలె? గెలలు ఎండినయా అనా?"

పిరికివాడు అనుకున్నాను. మంజులతో ఆ మాట అన్నాను కూడా. తప్పు నాదని కాగితం మీద రాసినవాడికి, ఆ తప్పు ఎంత దూరం పోయిందో చూసే ధైర్యం లేదని. ఇందులో అబద్ధం లేదు. ఏటా ఎండాకాలం మొదట్లో, తాళ్లు గీసే రోజుల్లో అతను మాట తగ్గించేసేవాడు. అన్నం ముందు కూర్చుని, "పదకొండు చెట్లు," అనేవాడు, ఎవరితోనో కాదు. మంజుల విసుక్కునేది. నేనూ విసుక్కున్నాను. కల్లు గీసేవాడు వేరే పని చూసుకుని ఉంటాడు, ఎవరి బతుకు ఆగిందని? నువ్వొక్కడివే దాన్ని పట్టుకొని కూర్చున్నావని. మూడు ఎండాకాలాలు ఇట్లాగే గడిచాయి. నాలుగోది పూర్తికాలేదు.

పదకొండో రోజు అయిపోయాక, రంజిత్ ఫోటో చూసిన మంట చల్లారక, బుగ్గారం పోయాను. మీ కోసం ఏడ్చి ఏడ్చి ఒకడు చచ్చాడని ఆ సంఘం ముఖాన చెప్పి రావాలని. ఒక కాగితం అందుకుని, ఒక ఫోన్ కూడా చేయలేని మనుషులు ఎట్లా ఉంటారో చూడాలని.

దేవయ్య ఇల్లు అడిగితే తాడిచెట్ల వైపు చూపించారు. పోయేసరికి చెట్టు మీద ఉన్నాడు. కుండ నడుముకు కట్టుకుని దిగాడు. నన్ను ఎరగడు. ల్యాబు తిరుపతి మనిషినని చెప్పాను.

"సారు మంచిగున్నడా?" అన్నాడు వెంటనే.

చెప్పాను. చెట్టెక్కే మోకును భుజం మీదినుంచి తీసి కింద పెట్టాడు.

"ఈ చెట్లు..." అన్నాను.

"నాయే. సారు కాగితమిచ్చిన మూడోనాడే మల్ల ఎక్కిన. నాలుగు చెట్లు ఎండిపోయినయి, ఏడు దక్కినయి. మల్ల యేటికి పదకొండు సక్కగయినయి." నన్ను ఎగాదిగా చూసి, "సారుకు తెల్వదా?" అన్నాడు.

లస్మయ్య ఇంటికి తీసుకుపోయాడు. లస్మయ్య బాగా ముసలివాడు, కానీ గొంతు గట్టిగానే ఉంది. "మూడుసార్లు జేసినమయ్యా ఫోన్. నేనే జేపిచ్చిన. గసొంటోళ్లు ఇక్కడ ఎవ్వలు లేరని పెట్టేసిరి. మూడోపారి తిట్టిరి. సారే మాతోటి మాట్లాడ ఇష్టపడతలేడేమో, పరేషాన్ జేసుడెందుకని ఊకున్నం."

సంఘం పెట్టెలోంచి ఆ కాగితం తీశాడు. నా నోటుపుస్తకంలోది, మడతల దగ్గర చినిగి ఉంది. నేను చూసింది పై సగమే. కింది సగంలో అక్షరాలు బస్సు కుదుపుకు వంకర్లు పోయాయి. ఆఖర్న సంతకం, సంతకం కింద పేరు, బీఎస్సీ, దాని కింద ఫోన్ నంబరు. అది అతని నంబరు కాదు. తొమ్మిదేళ్లు ప్రతి రిపోర్టు అడుగున రాసీ రాసీ అలవాటైన, ల్యాబు నంబరు.